కంకరబాటలు – కరకట్టలు: బందరు సీమలో సైకిలు ప్రయాణము



సైకిలును గురించి రేడియోలో ప్రసంగించుటయా యని మీలో కొందరికి నవ్వు రావచ్చును. యుద్ధములు, శాసనములు, దేవాలయములు చరిత్రకు తగిన విషయములు గాని, పాలకేనులు తగిలించుకొని తెల్లవారుజామున డొంకలో పోవు రెండు చక్రముల బండికి చరిత్ర యెక్కడిది? నేనును చాలకాలము అట్లే తలచితిని. కాని బండికంటె ముందు బాట పుట్టినది. ఆ బాటకు చరిత్ర కలదు. గుడివాడ మొదలు మచిలీపట్టణము వరకును, అచటినుండి దివిసీమ చివర హంసలదీవి వరకును ముప్పదియేండ్లుగా నేను సైకిలుపై తిరిగిన మట్టిబాటలు, కాలువగట్లు, కరకట్టలు ఎవరు వేసిరి, ఎందుకు వేసిరి, ఏవి నిలిచినవి, ఏవి పోయినవి అనునదే నేటి ముచ్చట.

ఈ నడుమ బెజవాడనుండియు హైదరాబాదునుండియు కొందరు యువకులు ఆదివారములలో మా ప్రాంతమునకు వచ్చుచున్నారు. వారి సైకిళ్ళు చూడముచ్చటగా నుండును. హ్యాండిలు పొట్టేలి కొమ్ములవలె క్రిందికి వంగి యుండును. టైర్లు పందెపు సైకిలు టైర్లకంటె వెడల్పై గరుకుగా నుండును. మడ్డుగార్డులు ఉండవు. దానికి గ్రావెల్ సైకిలని పేరు. తారురోడ్డును విడిచి కంకరబాటను, మట్టిబాటను వెదకుకొని పోవుటయే దాని ప్రయోజనము. అందొక కుర్రవాడు పామర్రు సెంటరులో టీ త్రాగుచు నన్ను జూచి, "తాతగారూ, ఈ చుట్టుపక్కల మంచి గ్రావెల్ రూటు ఏదండీ?" అని యడిగెను. "మా చిన్నతనంలో తారు వేసిన రూటు ఏదని అడగాల్సి వచ్చేది నాయనా!" అంటిని. అతడు నవ్వెను గాని నా మాట నమ్మినట్లు తోపలేదు.

నిజమునకు ఈ వేడుక పూర్తిగా క్రొత్తది కాదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రమందలి ఎంపోరియా యను చిన్న పట్టణమున 2006లో 200 మైళ్ళ కంకరబాట పందెము ఆరంభమై, లోకమంతట ఈ మోజు వ్యాపించుటకు ముఖ్యకారణమైనది. అయితే ఇంగ్లండులో 1955లోనే రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అను సంఘమువారు సైకిలును కొంతదూరము త్రొక్కుచు, కొంతదూరము భుజమున మోయుచు కొండదారులలో తిరుగ నారంభించిరి. అంతకు పూర్వము 1897లో అమెరికా సైన్యమందలి 25వ కాల్బలమునకు చెందిన నల్లజాతి సైనికులు, జేమ్స్ మాస్ అను లెఫ్టినెంటు నాయకత్వమున, మిసూలానుండి సెయింట్ లూయీ వరకు 1,900 మైళ్ళు సైకిళ్ళపై పోయిరి. బురదలో బండ్లు దిగబడినప్పుడు వారు రైలుపట్టాల నడుమ దూలములమీదుగా పోవలసివచ్చెను. మనవారును తీసిపోలేదు. 1923లో బొంబాయినుండి బయలుదేరిన పార్సీ యువకులలో ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అను మువ్వురు భూప్రదక్షిణము ముగించుకొని 1928లో ఇల్లు చేరిరి.

ఇప్పటి రూపమున సైకిలు 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ బండితో వచ్చినది. 1888లో డన్లప్ గాలిటైరు పుట్టినది. అప్పటికి మోటారుబండ్లు లేనట్లే, తారురోడ్లును లేనట్లే. కావున మొదటి సైకిళ్ళన్నియు గ్రావెల్ సైకిళ్ళే యనవలెను. మంచి రోడ్లు కావలెనని అమెరికాలో మొదట గోల పెట్టినవారు మోటారువారు కారు. 1880లో సంఘముగా నేర్పడిన సైకిలువారు. వారడిగి వేయించుకొన్న రోడ్లమీద తరువాత వారికే చోటు లేకపోయెను. అది వేరు కథ.

ఇక మన కంకర మాటకు వత్తును. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 1886 డిసెంబరులో యోకొహామా చేరిన టామస్ స్టీవెన్స్, పెద్దచక్రపు సైకిలుపై లోకము చుట్టుచు, మన దేశమున గ్రాండ్ ట్రంక్ రోడ్డుపై కలకత్తా వరకు పోయెను. ఆ రోడ్డు కంకర్‌తో వేసినది. హిందీవారు కంకర్ అనునది గంగామైదానపు నేలలోనే దొరకు సున్నపుగడ్డ. దానిని త్రవ్వి, పరచి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టినచో గట్టిపడును. మన తెలుగున కంకర యనగా కొట్టిన రాతిముక్కలు. మాట యొక్కటే, వస్తువు వేరు. మా కృష్ణా డెల్టాలో ఈ రెండును దొరకవు. నల్లరేగడ, ఒండ్రు, ఇసుక, సముద్రము దరికి పోయినకొలది ఉప్పు పొంగిన పర్రనేల: ఇంతే. కుక్కపై విసరుటకు రాయి కావలెనన్న బెజవాడకు జాబు వ్రాయవలెనని మా యింట పెద్దలు హాస్యమాడెడివారు. రాయి యనునది అచటి కొండలనుండి పడవలోనో బండిలోనో రావలసినదే.

రాయి లేని సీమలో రోడ్డు వేయవలసివచ్చినప్పుడు ఏమి జరిగెనో చెప్పుటకు సిగ్గుగా నున్నది. అయినను చెప్పక తప్పదు. గుడివాడలో లంజదిబ్బ యను పేరుగల బౌద్ధస్తూపపు దిబ్బ యొకటి కలదు. అలెగ్జాండర్ రీ అను పురావస్తుశాఖాధికారి 1894లో ప్రకటించిన గ్రంథమున భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపముల వివరములు కలవు. గడచిన శతాబ్దముకంటె ముందటి శతాబ్దమున గుడివాడలోని స్తూపమును పగులగొట్టి, ఆ యిటుకలను బెజవాడనుండి బందరుపోవు బాటకు వాడిరి. కృష్ణకు ఆవలివైపున భట్టిప్రోలు స్తూపమునకును ఇదే గతి పట్టినది. దాని ఇటుకలు రోడ్డుక్రింద పరచబడినవి. చలువరాళ్ళు కాలువ తూముకు పోయినవి. రెండువేల యేండ్ల క్రిందటి కూలివాండ్రు కాల్చి, మోసి, పేర్చిన యిటుక నలిగి బండిచక్రముల క్రింద ఎఱ్ఱని దుమ్మైనది. బందరు రోడ్డున ఇపుడు నాలుగు వరుసల మోటార్లు పోవుచున్నవి. నేను దానిమీద సైకిలు త్రొక్కినప్పుడెల్ల, క్రింద ఎంత లోతున ఆ యిటుకపొడి యున్నదో యని తలంతును. మాకు దొరికిన మొదటి కంకర యదియే.

రాయి లేని నేలమీద బాట నిలుచుటకు ఉపాయ మొక్కటే: మట్టిని ఎత్తుచేయుట. మట్టి ఎత్తుచేయుట ఊరక జరుగదు. నీటికొరకైనను నీటిభయముచేతనైనను జరుగవలెను. కావున మా సీమలో బాట యనగా గట్టు. కాలువకు గట్టు, ఏటికి కరకట్ట, సముద్రమునకు కట్ట. ఈ మూటిని విడిచి పొలములో దిగినచో నున్నది డొంక. వేసవిలో డొంక సిమెంటువలె నుండును. ఒక్క వాన పడినచో రేగడ చక్రమునకు అంటుకొని, మడ్డుగార్డుకు టైరుకు నడుమ ముద్దగా కూరుకొని, చక్రము తిరుగుట మానును. అందుకే మా పెద్దలు సైకిలు వెనుక బెత్తెడు వెదురుబద్ద కట్టుకొని పోయెడివారు. పదిబారలకొకసారి దిగి మట్టి గీకుకొనవలెను. బద్ద విరిగినచో సైకిలును భుజమున నెత్తుకొనవలెను. నగరపు కుర్రవాండ్రు మడ్డుగార్డులు లేకుండ వచ్చుట చూచి మొదట నవ్వుకొంటిని. పిదప ఒక కార్తికమాసమున వానలో వారు నా ప్రక్కనుండి దూసుకొనిపోగా, నేను ఒడ్డున కూర్చుండి మట్టి గీకుకొనుచు వారి తెలివికి మెచ్చుకొంటిని.

మొదట కాలువగట్ల మాట. 1832–33లో నందన సంవత్సరపు కరవు గుంటూరు, బందరు సీమలను తుడిచిపెట్టినది. కృష్ణ నిండుగా పారుచుండగనే దాని యొడ్డున జనము తిండిలేక మడిసిరి. అటుపై ఆర్థర్ కాటన్ దొర ప్రోద్బలముచేత, కెప్టెన్ ఆర్ అను ఇంజనీరు చేతిమీదుగా, బెజవాడయొద్ద 1852లో ఆనకట్టపని మొదలై 1855లో ముగిసినది. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి ఆ పాత ఆనకట్ట పనిని స్వీకరించినది. ఆ కాలువలు పొలమునకు నీరిచ్చుటకేకాక పడవలు నడచుటకును త్రవ్వినవి. బందరు కాలువలో ధాన్యపు పడవలు, ప్రయాణీకుల పడవలు దిగుచు ఎక్కుచు నుండెడివి. లాకులయొద్ద తలుపులు మూసి నీటిమట్టము సరిచేసి పడవను దాటించెడివారు. గాలి యనుకూలమైన తెరచాప ఎత్తెడివారు. కానిచో ఇద్దరు మనుష్యులు త్రాడు భుజమునకు తగిలించుకొని, గట్టువెంట ముందుకు వంగి నడచుచు లాగెడివారు. గట్టుమీద వారు నడచుటకు విడిచిన సన్నని బాటయే నేడు మన సైకిలుబాట. దాని గుణములన్నియు ఆ పుట్టుకవలన వచ్చినవే. త్రాడు చిక్కుకొనకుండుటకై నీటివైపున చెట్లు ఉండరాదు. ఎత్తుపల్లములు ఉండరాదు. మలుపులు నిదానముగా నుండవలెను. ఇంతకంటె సైకిలువానికి ఏమి కావలెను?

1908లో బెజవాడనుండి గుడివాడమీదుగా బందరుకు రైలు వచ్చినది. లాగెడివాని భుజమునుండి త్రాడు నెమ్మదిగా జారిపోయినది. గట్టుబాట మాత్రము మిగిలి, ఎడ్లబండికి, పాలవానికి, బడిపంతులుకు, తపాలాబంట్రోతుకు దక్కినది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత మనదేశమున సైకిళ్ళు చేయు కర్మాగారములు పెరుగుటచేత, ఊరికి రెండు మూడుగా నున్నవి ఇంటికొక్కటైనవి. బండికి పంచాయతీవారి బిళ్ళ యుండవలెను, రాత్రి దీపము వెలుగవలెను. దీపములేనివాడు పోలీసువానిని చూచి దిగి నడిపించుకొనిపోవుట మా కాలమున ప్రతి కుర్రవాడు నేర్చిన మొదటి న్యాయశాస్త్రము.

గట్టుబాట చేర్చు బందరు ఎంత పాతదో మీరెరుగుదురు. పెరిప్లసు గ్రంథకర్త మసాలియా యనిన తీరమిదియే. 1605లో డచ్చివారును, 1611లో గ్లోబ్ అను ఓడలో ఆంగ్లేయులును వచ్చి ఇచట కొఠారులు పెట్టిరి. కోటచుట్టు నున్న బురదనేలయే దానికి పెద్ద కాపు. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు ఫ్రెంచివారి కోటను రాత్రివేళ ముట్టడించినపుడు, దాటరానిదని వారు నమ్మిన ఆ బురదలోనుండియే కెప్టెన్ నాక్సు ఒక దండును నడిపించెను. బందరు తీరమున బురద యెచట మనిషిని మోయునో, ఎచట మ్రింగునో పల్లెవాండ్రకు తెలియును, దొరలకు తెలియదు. ఇప్పటికిని అంతే. గిలకలదిండివైపున నేను రెండుమార్లు బాట తప్పి మోకాలిలోతు దిగి, పీతలు పట్టు పిల్లవాండ్రచేత బయటికి లాగించుకొంటిని.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము లేచి బందరుపై పడెను. ముప్పదివేలమంది మడిసిరని లెక్క. గోల్కొండ సుల్తానులనుండి కంపెనీదొరల వరకు అందరిని పోషించిన రేవు ఆ దెబ్బకు మరల కోలుకొనలేదు; అప్పటికే పూడుచుండెను. బందరుకోట దిబ్బలనడుమ సైకిలు దిగి నిలుచున్నచో గాలి, గడ్డి, కొన్ని మేకలు తప్ప వేరే సందడి లేదు. 2023లో మంగినపూడి దాపున క్రొత్తరేవు పనులు ఆరంభమైనవి. రాతిలారీలు తిరిగి అచటి మట్టిబాటలు మారిపోయినవి. రేవు వచ్చుట నాకును ఇష్టమే. మా బందరువారు దానికై ఎదురుచూచుచు ముసలివారైరి.

రెండవది కరకట్ట. కృష్ణ యెడమగట్టున బెజవాడనుండి తోట్లవల్లూరుమీదుగా శ్రీకాకుళమునకు, అటనుండి పులిగడ్డవైపునకు సాగు కట్ట యిది. నా కన్నిటికంటె ప్రియమైన దారి ఇదే. ఒకప్రక్క లంకలలో అరటి, పసుపు, తమలపాకుతోటలు. రెండవప్రక్క కట్టకు చాల దిగువగా ఊళ్ళు, ఇంటికప్పులు, గుడిగోపురము. నదికంటె ఊరు పల్లముననున్నదని ఆ కట్టమీద కూర్చుండినప్పుడు గాని కంటికి తెలియదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కుల వరద దాటినది. 2024 సెప్టెంబరు మొదట అంతకంటె హెచ్చుగా 11.43 లక్షలు వచ్చినది. ఆ రెండు పర్యాయములును కట్టక్రింది ఊళ్ళవారు రాత్రులు లాంతరులతో, టార్చిలైట్లతో, ఇసుకబస్తాలతో కట్టపైననే కాపున్నారు. ఎలుక చేసిన బొరియనుండి నీరూరినను చాలును, ఊరు మునుగును. కావున మిత్రులారా, కరకట్టమీద పోవు సైకిలువాడు వానలో దాని అంచులను త్రొక్కి చాళ్ళు వేయరాదు. అది ముందు గోడ, పిదపనే బాట.

ఈ కట్టమీదనే శ్రీకాకుళము. ఆంధ్రమహావిష్ణువు కోవెల. కళింగముపై దండెత్తిపోవుచు కృష్ణదేవరాయలు ఇచట విడిసి, స్వామిని కలలో చూచి ఆముక్తమాల్యద వ్రాయ సంకల్పించినట్లు ఆ గ్రంథమందే కలదు. చక్రవర్తి సేనతో వచ్చిన దారి ఏదో నేను చెప్పజాలను గాని, ఈ కట్టయున్న చోటికి దూరమై యుండదు. ఇచటనుండి డొంకదారిన పోయిన ఘంటసాల వచ్చును. టాలమీ చెప్పిన కంటకస్సుల రేవు ఇదియే యని పండితులు నిర్ణయించిరి; కంటకసోల యను పేరు శాసనములలోను కలదు. రోముదేశపు నాణెములు దొరికిన ఆ యోడరేవు నేడు వరిచేల నడుమ నున్నది. ఏరు తెచ్చిన మట్టిచేత సముద్రము దూరముగా జరిగినది. కూచిపూడి, మొవ్వ ఈ ప్రక్కనే. వానిని గురించి ఇదివరలో చెప్పినవారు పెక్కురు గలరు గనుక నేను దిగకుండ గంట మ్రోగించుకొని దాటిపోవుచున్నాను.

పులిగడ్డయొద్ద కృష్ణ రెండుపాయలై దివిసీమను నడుమ నుంచుకొన్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్లేయులును ఫ్రెంచివారును ఈ దీవికై పోటీపడిరి. అవనిగడ్డనుండి ఒకదారి నాగాయలంకకును, ఒకదారి కోడూరుమీదుగా హంసలదీవికిని పోవును. హంసలదీవిలో వేణుగోపాలస్వామి కోవెల. దానిని దాటిన పాలకాయతిప్ప, ఆ పిదప సముద్రము. ఇచట నేను కొంచెము నిలువవలెను.

మా మేనమామగారు కోడూరు దాటి సముద్రపుదెసనున్న ఒక ఊరిలో బడిపంతులుగా నుండిరి. ఊరి పేరు చెప్పను. వారికి నల్లని హెర్క్యులిస్ సైకిలుండెను. సోమవారము ఉదయమున అవనిగడ్డలో బయలుదేరి, వారమంతయు బడిలోనే యుండి, శనివారము సాయంకాలమునకు ఇల్లు చేరెడివారు. బడికి రెండుమూడు మైళ్ళ దూరమున తీరమున నొక పల్లెపాలెము కలదు. అచటి పిల్లలు పర్రలో అడ్డముగా నడచి బడికి వచ్చెడివారు. 1977 నవంబరు 19వ తేదీ శనివారము. తెల్లవారినది మొదలు గాలి. వాన బాణములవలె కొట్టుచుండెను. బడికి వచ్చిన పిల్లలు కొద్దిమంది. పెంకులు లేచిపోవుచుండుట చూచి మామగారు ఇంటికి పొండని వారిని విడిచిపెట్టిరి. పంతులు చేయవలసిన పని యదే కదా. తాము సైకిలు తీసికొని ఉత్తరముగా బయలుదేరిరి. ఎదురుగాలికి త్రొక్కుట సాధ్యముగాక నడిపించుకొనుచు, కొంతదూరమున డొంక విడిచి కరకట్ట నెక్కి, బండిని పడద్రోసి దానినే పట్టుకొని ప్రాకుచు, చీకటిపడిన తరువాత ఎవరి యింటి అరుగో చేరిరి. ఆ సాయంకాలము తాడియెత్తు అల దివిసీమను కప్పెను. పదివేలమంది పోయిరని ప్రభుత్వపు లెక్క. అంతకు మించుననియే మావారందరును చెప్పుదురు. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళలో ఏడ్చుటకు మనిషి మిగులని యిండ్లు కలవు. ఆ పల్లెపాలెము పిల్లలలో ఒక్కరును బడికి తిరిగి రాలేదు.

నాకప్పుడు పండ్రెండేండ్లు. మేము గుడివాడలో నుంటిమి. పదిదినముల పిదప మామగారు సైకిలుపైననే మా యింటికి వచ్చిరి. చువ్వలనిండ గడ్డి చుట్టుకొనియుండెను. మా అమ్మ భోజనము పెట్టగా తిని, బావిగట్టున సైకిలు కడుగుటకు కూర్చుండి, సాయంకాలము వరకు కడుగుచునే యుండిరి. పిదప వారు బదిలీ చేయించుకొని మెట్టప్రాంతమునకు పోయిరి. ఆ దారిని మరల త్రొక్కలేదు.

ఉప్పెన తరువాత తీరమువెంట సరుగుడు తోటలు పెంచిరి. నేడు పాలకాయతిప్ప దరిని మీరు చూచు చల్లని వనము ప్రకృతిసిద్ధమైనది కాదు. భయముచేత నాటిన గోడ. అందు సైకిలు త్రొక్కుట సుఖమును కలదు, కష్టమును కలదు. రాలిన సరుగుడు సూదులు ఇసుకను కప్పి మెత్తని తివాచీవలె చక్రమును మోయును; అవి లేనిచోట ఇసుక కాలుపట్టును. టైరులో గాలి సగము తీసివేసిన పోవచ్చును. సముద్రపుటొడ్డున పాటువేళ తడియిసుక సభామంటపపు నేలవలె గట్టిగా నుండును. పోటు వచ్చినచో దారి యుండదు. కావున పల్లెవారి నడిగి వేళ తెలిసికొని దిగవలెను.

సరుగుడుకు ఆవల, ఏటిమొగలవద్ద మడ అడవి. ఇది నాటినది కాదు. మడచెట్టు బురదలోనుండి మొలకలవంటి వేళ్ళను పైకెత్తి ఊపిరి పీల్చును. తిల్లచెట్టు పాలు కంటబడిన చూపునకు ముప్పు. పర్రనేలలో ఇలకూర యెఱ్ఱగా ప్రాకియుండును. ఈ చెట్ల గుంపు అలను పూర్తిగా ఆపజాలదు గాని, దాని బలమును విరుచును. 1989లో దీనిని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 194 చదరపు కిలోమీటర్లు. నీటిలో దిగి చేపలు పట్టు బావురుపిల్లి ఇచట కలదు. నేను ముప్పదియేండ్లలో దాని పాదముద్రలను మాత్రమే చూచితిని. చలికాలము చివరనుండి వేసవి మొదలువరకు సముద్రపు తాబేళ్ళు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఆ దినములలో రాత్రివేళ ఒడ్డున చక్రము పెట్టరాదు, దీపము వేయరాదు. అడవిలోనికి అటవీశాఖవారి అనుమతితోడనే పోవలెను. మడవేళ్ళమీద సైకిలు త్రొక్కి ఫొటో తీసికొనుట శౌర్యము కాదు.

ఇక నా కోపము కొంత చెప్పుకొందును. 1990 తరువాత రొయ్యలచెరువులు వచ్చినవి. వానివలన అప్పులు తీర్చుకొన్నవారు గలరు, అప్పులపాలైనవారును గలరు. నేను ఎవరిని నిందింపను. కాని ఒకప్పుడు ఊరునుండి ఊరికి పోవు డొంకలు చెరువుగట్టులో కలిసి, గొలుసు వేసిన గేటుతో ముగియుచున్నవి. ఎనుబదియేండ్ల ముసలివాడు చెప్పిన డొంకను పట్టుకొని నేను పోగా, మూడుచోట్ల కాపలాకుక్కలు ఎదురైనవి. మడ నరికి త్రవ్విన చెరువులును చూచితిని. గాలివాన వచ్చిననాడు తీరమునుండి మనిషి పరుగెత్తుటకు ఈ డొంకలే దారులు. తుపాను రక్షణభవనములు కట్టుకొంటిమి, ఫోనులలో హెచ్చరికలు వచ్చుచున్నవి, మంచిదే. భవనము చేరుటకు దారి యుండవలెనుగదా. పంచాయతీ పటములో గీసియున్న డొంక నేలపైన ఉన్నదో లేదో వేసవిలో సైకిలువేసికొని చూచివచ్చువా డొక్కడైన ప్రతి ఊరికి ఉండిన బాగుండునని నాకు తోచును. పందెములు పెట్టు యువకసంఘములవారు ఈ పని చేయదగినవారు; వారి చేతనున్న ఫోనులే దారిని గీయగలవు.

మామగారు కాలము చేయుటకు రెండేండ్లు ముందు, నేను తీరపు దారులు వ్రాసికొనుచున్నానని విని, "ఆ దారి నేను చెబుతాను రాసుకోరా అబ్బాయీ" అనిరి. కాగితమీయబోగా వలదని, సుద్దముక్క తెప్పించుకొని నేలపైననే గీసిరి. అవనిగడ్డ. కోడూరు. డొంక తిరుగు చోట చింతచెట్టు. కరకట్ట. తాము సైకిలు పడద్రోసిన తూము. వెనుకకు వచ్చి బడి. బడియొద్ద చేయి ఆగెను. పల్లెపాలెమువైపు గీత గీయలేదు. నేనును అడుగలేదు.

మరుసటి చైత్రమున నేను ఆ బడినుండి బయలుదేరితిని. చింతచెట్టు లేదు, తూము ఉన్నది. బడి స్థలమున క్రొత్తభవనము కలదు. పర్రలో పిల్లలు నడచిన కాలిబాట కొంతవరకు చెరువుగట్టు, పిదప ఇలకూర, పిదప సరుగుడుతోట. మెత్తని చోట దిగి నడిపించుకొంటిని. చక్రమునకు కట్టిన కొలతగడియారము తీరముచేరువరకు రెండుమైళ్ళ మూడు ఫర్లాంగులు చూపినది. నాకు నలుబదినిమిషములు పట్టినది.